కొల్లేటికి నెలకు అయిదొందలు

పోయిన ఆదివారం పొద్దున పదకొండింటికి నేను కొల్లేరు సరస్సును కాపాడాను, లుంగీ మీదే. ఓ కాలేజీ అమ్మాయి ట్యాబ్ పట్టుకుని ఏలూరులో మా ఫ్లాటుకొచ్చి, "సార్, కొల్లేరు నీళ్లు, పక్షులు బాగుండటానికి మీ ఇంటి తరఫున నెలకి ఎంత ఇవ్వగలరు?" అని అడిగింది. ఎండలో మూడంతస్తులు ఎక్కొచ్చిన పిల్ల ముందు పది రూపాయలంటే ఏం బావుంటుంది? అయిదొందలు రాసుకోమ్మా అన్నాను. అనగానే కడుపు నిండిపోయింది.

తర్వాతి ప్రశ్న, మీ నెలసరి ఆదాయం? ఇక్కడ మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకున్నాను. ఈ లెక్కలు ఎటు తిరిగి ఎటు పోతాయో, రేపు తెల్లకార్డు ఎగిరిపోతే ఎవడిది బాధ్యత? పన్నెండు వేలు అన్నాను. అంటే ఆ ట్యాబ్‌లో నేనిప్పుడు సంపాదనలో ఇరవై నాలుగో వంతు గూడబాతులకు ధారపోసే మహానుభావుణ్ణి. శిబి చక్రవర్తి కూడా ఒక్క పావురంతో సరిపెట్టాడు.

నవ్వకండి, ఇది శాస్త్రం, బజారులో అమ్మని వాటికి జనాన్నే అడిగి ధర కట్టడం. 1989 మార్చిలో ఎక్సాన్ వాల్డేజ్ అనే ఓడ అలాస్కా తీరంలో బండకు కొట్టుకుని దాదాపు 4 కోట్ల లీటర్ల ముడి చమురు సముద్రంలో పోసింది. ఆ నష్టానికి ధర కట్టాలిగా? ఆ తీరం ముఖమే చూడని అమెరికన్ల ఇళ్లకు వెళ్లి, ఇంకోసారి ఇలా జరక్కుండా ఒక్కసారి ఎంత కడతారని అడిగారు. సగం మంది 31 డాలర్లో, అంతకు మించో అన్నారు. దాన్ని 9 కోట్ల పైచిలుకు ఇళ్లతో గుణిస్తే 280 కోట్ల డాలర్లు తేలింది. 1991 నాటి సివిల్ రాజీలో ఆ ఓడ తాలూకు ఎక్సాన్ కంపెనీ ఒప్పుకున్నది 90 కోట్లు. జనం నోటితో ఇచ్చినంత కంపెనీ చేత్తో ఇవ్వలేకపోయింది, పాపం.

కంపెనీ ఊరుకుంటుందా, అదీ డబ్బులిచ్చి ఓ సర్వే చేయించింది. చమురు గుంటల్లో పడి ఏటా చచ్చిపోయే వలస పక్షుల్ని కాపాడటానికి ఎంత ఇస్తారు? 2,000 పక్షులైతే సగటున 80 డాలర్లు అన్నారు. 20,000 అయితే 78. 2,00,000 అయితే 88. మధ్యలో ఆ రెండు డాలర్లు తగ్గడం చూశారా, హోల్‌సేల్ రేటన్నమాట! నాకైతే ఇందులో వింతేమీ కనబడలేదు. నాకూ ఆ అమ్మాయి ఎన్ని పక్షులో చెప్పలేదు, నేనూ అడగలేదు. నేను ధర కట్టింది పక్షికి కాదు కదా, ఆ పిల్ల కళ్లల్లో నా పరువుకి.

ఇలా నోటితో చెప్పిన అంకెల్ని నమ్మొచ్చా అనే గొడవ తేల్చమని అమెరికా ప్రభుత్వం కెన్నెత్ యారో, రాబర్ట్ సోలో అనే ఇద్దరు నోబెల్ ఆర్థికవేత్తల్ని ఓ కమిటీకి పెద్దలుగా పెట్టింది. 1993లో వాళ్లు చెప్పిందేమిటంటే, ఎంతిస్తారని వదిలేయకండి, ఇంత పన్ను పడుతుంది, అవునా కాదా అని ఓటులా అడగండి, ఆ డబ్బు ఇస్తే మిగతా ఖర్చులకు అంత తగ్గుతుందని గుర్తు చేయండి అని. రెండో పని మా ఇంట్లో కమిటీ లేకుండానే జరిగింది. "ఏవండీ, గ్యాస్ బుక్ చేయాలి, డబ్బుల్లేవన్నారుగా" అని వంటింట్లోంచి వినబడింది. ఆ అమ్మాయి అప్పటికే సబ్మిట్ నొక్కేసింది కాబట్టి కొల్లేరు బతికిపోయింది.

అదే ప్రశ్న తిరగేసి, సరస్సు మీద హక్కు వదులుకోవడానికి నీకెంత ఇమ్మంటావు అంటే అంకె ఎన్నో రెట్లు లేస్తుందని కూడా ఈ శాస్త్రమే చెబుతుంది. నమ్మకపోతే కొల్లేరు అభయారణ్యం హద్దయిన అయిదో కాంటూరు లోపల చేపల చెరువున్న మా బావమరిదిని అడగండి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అలాంటి చెరువుల గట్లు పేల్చినప్పుడు ఎంతకు ఒప్పుకుంటావని వాణ్ణి ఎవరూ అడగలేదు. అడిగుంటే ఆ అంకె పట్టే ట్యాబ్ ఇంకా తయారవలేదు.

నిజం డబ్బులతో మన దగ్గరా ఒక సర్వే జరిగింది లెండి. 2021లో ఇంటింటి చెత్తకు యూజర్ ఛార్జీలు పెడితే జనం దానికి చెత్త పన్ను అని నామకరణం చేశారు, 2024లో ప్రభుత్వం మారాక అది రద్దయింది. తప్పు ప్రభుత్వానిదే. వసూలు చేయకుండా ఊరికే అడిగి ఉంటే ఎంత వచ్చేది!

ఆ సాయంత్రమే వాచ్‌మన్ వచ్చాడు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసే మనిషికి ఫ్లాటుకి నలభై రూపాయలట. నాలుగు నెలలుగా అసోసియేషన్‌తో నేను పోరాడుతున్నది దీని మీదే.

"సార్, మీరొక్కరే బాకీ."

"నలభై ఏం ఖర్మ, సెక్రటరీ గారిని ట్యాబ్ పట్టుకుని రమ్మను, నాలుగొందలు చెబుతాను" అన్నాను.