సాంకో రైలు మార్గాన్ని బలిగొన్నది నష్టాలు కావు

జపాన్‌లో పల్లె రైలు మార్గం మూతపడిన ప్రతిసారీ, జనాభా తగ్గిందనీ రైలెక్కేవారు లేరనీ ఒకే వివరణ వినిపిస్తుంది. అందులో అబద్ధం లేదు. అయితే 2018 మార్చి 31న చివరి రైలు నడిచిన సాంకో మార్గం విషయంలో ఆ వివరణ ప్రభుత్వ నిర్ణయాలను కప్పిపుచ్చుతోంది.

షిమానె ప్రిఫెక్చర్‌ (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం)లోని గోత్సు నుంచి హిరోషిమా ప్రిఫెక్చర్‌లోని మియోషి వరకు, గోనోకావా నది వెంట సాగిన ఈ 108.1 కిలోమీటర్ల మార్గంలో తొలి భాగం 1930లో మొదలైతే, రెండు కొసలూ కలిసింది 1975లో. చివరగా కట్టిన హమహరా–కుచిబా భాగం సొరంగాలతో, వంతెనలతో కొండలను చీల్చుకుంటూ సూటిగా సాగేది. అక్కడి ఉజుయి స్టేషన్‌లో నేలకు 20 మీటర్ల ఎత్తునున్న ప్లాట్‌ఫారానికి చేరాలంటే 116 మెట్లు ఎక్కాల్సి వచ్చేది, లిఫ్టు ఉండేది కాదు. దానికి అటూ ఇటూ ఉన్న పాత భాగాల్లో మాత్రం రైలు నది వంపులన్నీ తిరుగుతూ, చాలాచోట్ల గంటకు 30 కిలోమీటర్లకు మించకుండా నడిచేది. కొసలను అలా వదిలేసి నడుమ మాత్రం బాగుచేసిన దారిని జనం ఎందుకు నమ్ముకుంటారు?

నష్టాల్లో ఉన్న రైలు మార్గాలను వదిలించుకునేందుకు 1980లో తెచ్చిన చట్టం నుంచి సాంకో తప్పించుకుంది. లాభాలు చూపి కాదు, పక్కన సరైన రోడ్డు లేనందువల్ల. నా వాదనంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడుతుంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ప్రజాధనంతో రోడ్లు బాగుపడ్డాయి. ఆ రోడ్డు ఏటా ఎంత సంపాదిస్తోందని ఎవరూ అడగలేదు. రైలును మాత్రం దుకాణం లెక్కల్లో తూచారు. 2013 ఆగస్టు వరదలకు వంతెన స్తంభం కొట్టుకుపోతే బాగుచేసి 2014 జూలైలో మళ్లీ నడిపారు, 2016 సెప్టెంబరులోనే మూసివేత నోటీసు ఇచ్చారు.

కిలోమీటరుకు రోజువారీ సగటు ప్రయాణికులు 1987లో 458 మంది ఉండగా 2016 నాటికి 83కు పడిపోయారు గనుక, ఈ మార్గాన్ని నడిపిన ప్రైవేటు సంస్థ జేఆర్ వెస్ట్ ఇంకెంతకాలం మోయాలన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ అది ఆ సంస్థను సమర్థించే వాదన. 1987లో ప్రభుత్వ రైల్వేను విడగొట్టి ఇలాంటి మార్గాలను కంపెనీల చేతికిచ్చి చేతులు దులుపుకున్న ప్రభుత్వాన్ని సమర్థించేది కాదు.

ఇప్పుడు అదే మియోషి మీదుగా వెళ్లే గేబి మార్గం వంతు వచ్చింది. సవరించిన ప్రాంతీయ ప్రజా రవాణా చట్టం కింద, నష్టాల మార్గాల భవిష్యత్తును చర్చించే దేశంలోనే తొలి మండలి 2024లో ఆ మార్గంలోని ఒక భాగం కోసమే ఏర్పడింది. ఆ మండలి ముందుకు రైలు నష్టాల పట్టికతో పాటు, సమాంతరంగా ఉన్న రోడ్ల నిర్మాణానికీ నిర్వహణకూ పెట్టిన ఖర్చు కూడా రావాలి.