సవరణ: ఆర్సెనల్ అన్నీ గెలవలేదు, ఒక్కటీ ఓడలేదు

సీజన్ సగంలో మా ఫుట్‌బాల్ జట్టు నిలకడ గురించి నిన్న రాసిన పోస్టులో ఒక తప్పు దొర్లింది. 2003-04లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆర్సెనల్ క్లబ్ అన్ని మ్యాచ్‌లూ గెలిచిందని రాశాను. అది నిజం కాదు. 38 మ్యాచ్‌ల్లో 26 గెలిచింది, 12 డ్రా చేసుకుంది. 90 పాయింట్లతో టైటిల్ కొట్టింది. చదివినవాళ్లు మన్నించాలి.

ఈ తేడా చిన్నదేం కాదు, ఆ టైటిల్‌లో డ్రాలకీ వాటా ఉంది. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే ఒకటే కాబట్టి, అదే పోస్టులో మొన్నటి మా డ్రాని "చేజేతులా పోగొట్టుకున్న 2 పాయింట్లు" అన్నాను. ఆ మాటా వెనక్కి తీసుకుంటున్నాను. చివర్లో ప్రత్యర్థికి వరసగా 3 కార్నర్లు (మైదానం మూల నుంచి కొట్టే కిక్‌లు) వచ్చినా మా డిఫెండర్లు చెక్కుచెదరలేదు. ఆఖరి బంతిని గోల్‌కీపర్ గుండెకు హత్తుకుని అలాగే నేలమీద పడుకుండిపోయాడు. నిరుడైతే ఇలాంటి మ్యాచ్ కచ్చితంగా ఓడిపోయేవాళ్లం. ఆ ఒక్క పాయింటు ఇప్పుడు నాకెంతో ముద్దొస్తోంది.