జొన్నలు డబ్బున్నోళ్ల తిండి ఎప్పుడయ్యాయి?

కొంతకాలంగా వాట్సాప్‌లో ఒక సందేశం చక్కర్లు కొడుతోంది. మాటలు అటూ ఇటూ మారుతుంటాయి గానీ సారం ఇది: "చిరుధాన్యాలు డబ్బున్నోళ్ల ఫ్యాషన్. సూపర్ మార్కెట్లో వాటి ధర చూడండి. పేదోడికి రేషన్ బియ్యమే దిక్కు. జనమే వద్దనుకుని వాటిని మానేశారు. దిగుబడీ దండగే. ఊళ్లో ఆడవాళ్లు కలిసి పండించుకుని పంచుకున్నారనే కథలు సభల్లో చప్పట్లకే." పంపేవాళ్లలో చాలామంది పేదల తరఫున మాట్లాడుతున్నామనే నమ్మకంతోనే పంపుతున్నారు. అందుకే ఒక్కో మాటా పట్టుకుని చూద్దాం.

ముందు ధర. సూపర్ మార్కెట్లో అరకిలో కొర్రల ప్యాకెట్ ఖరీదైనదే, కాదనను. కానీ ఆ ధరలో పొట్టు తీసిన మిల్లు ఖర్చు, రంగుల సంచి, నగరంలో కొట్టు అద్దె అన్నీ కలిసి ఉన్నాయి. రైతు దగ్గర లెక్క చూడండి. 2025-26కి సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. క్వింటాలు వడ్లు ఆడిస్తే 67 కిలోల బియ్యం లెక్క. అంటే మిల్లు కూలి, లారీ కిరాయి కలపకముందే కిలో బియ్యం 35 రూపాయలు దాటింది. హైబ్రిడ్ జొన్నల మద్దతు ధర 3,699. కిలో 37. తేడా రెండు రూపాయలు! పేదింటికి బియ్యం ఉచితంగా, జొన్నలు ఖరీదుగా కనిపిస్తున్నాయంటే మొదటిదాని ఖర్చు సర్కారు మోస్తోంది, రెండోదాని ఖర్చు మోసేవాళ్లు లేరు. మద్దతు ధర కాగితం మీద ఉన్నా, వడ్లకు ఉన్నన్ని కొనుగోలు కేంద్రాలు జొన్నలకు లేవు.

ఇంకో ముచ్చట. 2013 ఆహార భద్రతా చట్టం రేషన్‌లో బియ్యం కిలో 3 రూపాయలు, గోధుమలు 2, ముతక ధాన్యాలు, అంటే జొన్నలు, సజ్జలు, రాగుల వంటివి, 1 రూపాయికి ఇవ్వాలని రాసింది. చట్టం దృష్టిలో అన్నిటికంటే చవక తిండి ఇదే. ఇప్పుడైతే అన్నీ ఉచితమే. మన రేషన్ డీలర్ తూచేది మాత్రం ప్రధానంగా బియ్యమే.

"జనమే మానేశారు" అన్నది సగం నిజం, అందుకే ఎక్కువ ప్రమాదం. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చింది, ఆ పథకాన్ని తప్పుపట్టే హక్కు పస్తులు ఎరగని నాకు లేదు. కానీ ఇంటి ముందుకు చవక బియ్యం వస్తుంటే, పడావు భూమిని దున్ని జొన్నలు వేసే పేదరైతు ఎవరితో పోటీ పడగలడు? దానికి తోడు వరికి కాలువ, బోరు, ఉచిత కరెంటు, ఎరువు సబ్సిడీ. మెట్ట పంటకు ఏముంది, మొగులు తప్ప? జొన్నరొట్టె తినేవాళ్లు బీదోళ్లు, అన్నం తినేవాళ్లు ఉన్నోళ్లు అనే చిన్నచూపు కూడా పనిచేసింది. ఇన్ని తోస్తే దిగిపోయినవాళ్లను "వాళ్లే దిగారు" అనడం న్యాయమా?

దిగుబడి విషయంలో పోలికే తప్పు. బోరు కింద వరి పండే మడితో వానాధారం ఎర్రచెలకను పోలుస్తున్నారు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ చుట్టుపక్కల చేలల్లో సంప్రదాయ మహిళా రైతు జొన్న ఒక్కటే వేయదు. జొన్నతో పాటు కంది, పెసర, అనుములు, సజ్జ, కొర్ర, నువ్వులు కలిపి చల్లుతుంది. క్వింటాళ్ల లెక్కలో జొన్న ఒక్కటే కనిపిస్తుంది. పప్పు, నూనె, బర్రెకు చొప్ప, కందికట్టె పొయ్యిలోకి, ఇవేవీ లెక్కలోకి రావు. కలుపు తీసేటప్పుడు దొరికే దొగ్గలి, తుమ్మి, గునుగు ఆ పూట కూర. ఒక పంట పోతే ఇంకోటి నిలబడుతుంది. పైసలు కావాలంటే పత్తి, చెరకు, అల్లం ఎక్కువే ఇస్తాయి, నిజమే. అప్పూ ఎక్కువే.

ఇక అసలు మాట, "కలిసి పండించుకోవడం కథ" అన్నది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. ఊరూరా మహిళా సంఘాలు, సభ్యుల్లో అత్యధికులు దళిత స్త్రీలు. 1990ల నడుమ ఈ సంఘాలు తమకు తామే ఒక రేషన్ వ్యవస్థ పెట్టుకున్నాయి. పడావు పడ్డ చెలకలున్న చిన్న రైతులకు దున్నడానికి, ఎరువుకు, విత్తడానికి అప్పు ఇచ్చారు. తిరిగి కట్టేది డబ్బుగా కాదు, ఏటా కొంత చొప్పున జొన్నలుగా. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వచేసి, పనులు దొరకని రోజుల్లో బజారు కంటే తక్కువ ధరకు పేదిళ్లకు అమ్మారు.

ఎవరు పేద అన్నది తేల్చిన తీరు నాకు అన్నిటికంటే నచ్చుతుంది. ఏ ఆఫీసు జాబితానూ అడగలేదు. నేల మీద రంగులతో ఊరి పటం వేసి, ఊరంతా చూస్తుండగా ఇల్లిల్లూ చర్చించి, ఎవరి కష్టం ఎంతో గుర్తులు పెట్టారు. మరీ లేనివాళ్లకు ఎక్కువ గింజలు. నలుగురి ముందు "మా ఇంట్లో తిండి లేదు" అని దొంగ ఏడుపు ఏడవడం ఎంత కష్టమో ఊళ్లో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు.

విత్తనాలు కూడా బజారులో కొనలేదు. పేడతో అలికిన గుమ్ముల్లో బూడిద, వేపాకు కలిపి దాచినవే సంఘాలు ఒకరికొకరు ఇచ్చుకున్నాయి. ఏటా సంక్రాంతి తర్వాత పాత పంటల జాతర పేరుతో విత్తనాల బండ్లు ఊళ్లు తిరుగుతాయి. మాచునూరు నుంచి 2008లో ఈ స్త్రీలే సంగం రేడియో అనే సొంత రేడియో కేంద్రం మొదలుపెట్టారు. 2019లో ఈ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. చప్పట్లు వచ్చాయి, సరే. జొన్నలు అంతకు ఎన్నో ఏళ్ల ముందే వచ్చాయి.

దీనికి పరిమితులు లేవని కాదు. మొదటి పెట్టుబడి బయటినుంచి, సర్కారు నిధులతో వచ్చింది. రాష్ట్రమంతా పాకలేదు. పిల్లలు చదువుకుని పట్నం పోతున్నారు, నిమ్జ్ అనే పెద్ద పారిశ్రామిక మండలి పేరుతో వేల ఎకరాలు సేకరణలోకి వెళ్తున్నాయి, రొట్టె కొట్టే ఓపిక కొత్త తరానికి తక్కువ. ఇవి గట్టి అభ్యంతరాలు. ఫార్వర్డ్ రాసినవాళ్లు వీటిలో ఒక్కటీ ఎత్తలేదు.

అటువైపు అతిశయోక్తి కూడా వద్దు. కొర్రలు తింటే షుగరు పోతుంది, క్యాన్సరు తగ్గుతుందని ఊదరగొట్టే వీడియోల వల్లే ఇది డబ్బున్నోళ్ల మందులా మారింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, పాలిష్ పట్టిన బియ్యంలో 8 కూడా లేదు. జొన్నల్లో పీచు 10 గ్రాములు, బియ్యంలో 3 లోపే. తినడానికి ఈ కారణాలు చాలు, మహిమలు అక్కర్లేదు.

2025 ఉగాది నుంచి తెలంగాణలో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. అందులో రెండు కిలోలు, కావాలన్నవాళ్లకు, జొన్నలుగా ఇస్తే? కొనేది జహీరాబాద్, నారాయణఖేడ్ చెలకల నుంచే కావచ్చు. సరిహద్దు దాటితే కర్ణాటక. అక్కడ ఉత్తర జిల్లాల్లో జొన్నలు, దక్షిణాన రాగులు రేషన్‌లో ఇచ్చే పద్ధతి ఎప్పుడో పెట్టుకున్నారు.