నాష్ సమతౌల్యం గారికి బెంగళూరు నుంచి ఒక వినతి

మహారాజశ్రీ నాష్ సమతౌల్యం గారి సముఖానికి,

వైట్‌ఫీల్డ్ తెలుగు కుటుంబాల తరఫున నమస్కారాలు. మిగతావాళ్లు తమ ఎత్తు మార్చనంతవరకు ఏ ఒక్కరూ తన ఎత్తు మార్చి బాగుపడలేని స్థితి మీరేనని 1950లో జాన్ నాష్ అనే గణితవేత్త లెక్కకట్టి చూపించారు. మేము ఆ గణితం జోలికి పోకుండానే, వరుస సెలవులు వచ్చినప్పుడల్లా ఊటీ దారిలో మిమ్మల్ని దర్శించుకుంటున్నాం.

బందీపూర్ అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ప్రైవేటు బండ్లను వదలరు. అందుకని మా తోడల్లుడు ఒక ఉపాయం చెబుతాడు. అర్ధరాత్రి దాటగానే బయలుదేరితే గేటు తీసే వేళకు మనమే ముందుంటాం, రద్దీ తగలదు. తిరుగులేని ఆలోచన. చిక్కల్లా నగరంలోని తోడల్లుళ్లందరికీ అదే తట్టడం. ఖాళీగా ఉంటుందని అందరూ నమ్మి వెళ్లిన చోటు కిక్కిరిసిపోతుందని బ్రయన్ ఆర్థర్ అనే ఆర్థికవేత్త 1994లో శాంటాఫేలోని ఒక బార్‌ను ఉదాహరణగా తీసుకుని వివరించారు. అడవికి ముందున్న గుండ్లుపేట దాటాక బండ్ల వరుసను చూపించి ఉంటే ఆయనకు బార్ దాకా వెళ్లే పని తప్పేది.

ప్రకృతిని కాపాడమనే బోర్డులు మలుపు మలుపునా ఉన్నాయి. మీరు వాటిని చూసి నవ్వుకుంటారని నాకు తెలుసు. నేను ఇంట్లో ఉండిపోతే నష్టమంతా నాది, కొండకు కలిసొచ్చేది ఒక్క కారు పొగ. ఆ ఖాళీలో ఇంకొకరి కారు దూరుతుంది.

కానీ మీకు ద్రోహం జరుగుతోంది స్వామీ. 2022లో మద్రాసు హైకోర్టు ఆదేశాలతో నీలగిరుల్లోని ప్రభుత్వ మద్యం దుకాణాలు సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగి ఇవ్వడం మొదలుపెట్టాయి. పగిలిన గాజు ఏనుగుల కాళ్లకు గుచ్చుకుంటుందని ఎంత మొత్తుకున్నా వంగని నడుములు 10 రూపాయలకు వంగాయి! ఉపన్యాసాలకు లొంగని మిమ్మల్ని ఇంత చవగ్గా కదిలించవచ్చని ఎవరనుకున్నారు?

తర్వాత ఈ-పాస్, అంటే ఊటీకి వచ్చే బండ్లకు ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి. 2024 మేలో పెట్టినప్పుడు అది లెక్కింపు మాత్రమే, అడిగిన ప్రతివారికీ ఇచ్చారు. మీ ఆసనం కదలలేదు. 2025 వేసవిలో మాత్రం ఊటీకి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 బండ్లే అన్నారు. వ్యాపారులు దుకాణాలు మూసి నిరసన తెలిపారు. వాళ్లను తప్పుపట్టను. కొండ నిలవాలని అందరికీ ఉంది, తగ్గే గిరాకీ పక్క దుకాణానిది కావాలనీ అందరికీ ఉంది.

ఉమ్మడి ఆస్తులను జనం ఎలా కాపాడుకుంటారో పరిశోధించిన ఎలినార్ ఆస్ట్రమ్ మరో దారి చూపారు. స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ గ్రామంలో, చలికాలమంతా మేపగలిగినన్ని ఆవులనే ఉమ్మడి కొండకు తోలాలన్న కట్టుబాటు 1517 నాటిది. అక్కడివాళ్లు రోజూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. మేము ఊటీలో ఎవరి ముఖమూ మళ్లీ చూడం. మేము మళ్లీ రామని అక్కడి టీ కొట్టువారికీ తెలుసు, ఆ సంగతి టీ రుచిలోనే తెలుస్తుంది.

కాబట్టి మా విన్నపం. పరిమితి ఎత్తేయమని అడగడం లేదు. అది ఉండాలి, గట్టిగా అమలు కావాలి. వారాంతపు 8,000ను 8,001 చేయించగలరు. బండి నంబరు జతపరిచాను.

ఇట్లు,
విధేయుడు