మూతబడ్డ కొట్లకూ స్థలపురాణం కావాలి

అమెరికాలో ఉన్న మనవాళ్లు వారాంతం వస్తే నయాగరాకు పోతారు, పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనానికి పోతారు. ఊరి చివర తాళం పడ్డ కేమార్ట్ అనే చవక ధరల పెద్ద కొట్టు మొహం మాత్రం ఒక్కరూ చూడరు. ఈ దేశానికి చరిత్రే లేదని ఎగతాళి చేసేదీ మనమే, పక్క ఇండియన్ గ్రోసరీలో లేత బెండకాయలు ఏరుకుని శిథిలాన్ని పట్టించుకోకుండా కారెక్కేదీ మనమే. ఈ నిర్లక్ష్యం ఇక చాలు.

ముందు స్థలపురాణం. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమి వల్ల ప్రళయం తప్పదని మన దేశంలో ఊరూరా హోమాలు చేశారు. నెల తిరక్కుండా, మార్చి 1న, మిషిగన్‌లోని గార్డెన్ సిటీలో మొదటి కేమార్ట్ తెరుచుకుంది. మే 1న మినెసోటాలో టార్గెట్, జులై 2న ఆర్కన్సాలో వాల్‌మార్ట్. ప్రళయం రాలేదని జ్యోతిష్కులను ఆడిపోసుకునేవాళ్లు ఆ ఊళ్లలోని చిల్లర కొట్లవాళ్లను ఒక్కమాట అడిగి ఉండాల్సింది. ఇక ఏమ్స్ అనే ఇంకో చవక కొట్ల కంపెనీ చరిత్ర ఇంకా పుణ్యప్రదం. 1988లో జేయర్ కొట్లను మింగింది, 1990లో దివాలా తీసింది. తేరుకుని హిల్స్ కొట్లను మింగింది, 2001లో మళ్లీ దివాలా. మరుసటి ఏడు మొత్తం మూత. తిన్నదరక్క పోయిన కంపెనీని పట్టుకుని ‘పోటీకి తట్టుకోలేకపోయింది’ అని రాయడం పత్రికల మర్యాద.

దర్శనానికి ప్రశస్తమైన వేళ వాన వెలిసిన మర్నాటి ఉదయం. కారణం ఉంది. బోర్డు పీకేసినా, ఇన్నేళ్లూ అక్షరాల చాటున ఉన్న గోడకు ఎండ తగల్లేదు కాబట్టి అక్కడ రంగు ముదురుగా మిగులుతుంది. కొత్త ఓనరు తెలివిగా సున్నం కొట్టించినా బోల్టుల రంధ్రాలు, కరెంటు తీగ దూరిన రంధ్రాలు ఎక్కడికి పోతాయి? వాటిలో కూరిన పుట్టీ ఒకలా ఆరుతుంది, గోడ ఒకలా ఆరుతుంది. తడి మీద చూస్తే ఏ అక్షరం ఎక్కడుండేదో చుక్కలు కలిపి చదువుకోవచ్చు. శాసనాలు చదివే పండితులకు ఈపాటి సౌకర్యం కూడా లేదు.

తర్వాత ప్రదక్షిణ. వెయ్యి చదరపు అడుగులకు 5 కార్ల లెక్కన, 84 వేల అడుగుల కొట్టుకు 420 కార్ల జాగా ఉంటుంది. థాంక్స్‌గివింగ్ పండగ మర్నాటి రద్దీని తలుచుకుని వేసిన లెక్క అది. మిగతా 364 రోజులూ అది తారు పోసిన మైదానం. ముందు తలుపు అద్దానికి కళ్లు ఆనించి నేల చూడండి. అరలు నిలబడ్డచోట పలకలు కొత్తగా, జనం నడిచినచోట అరిగిపోయి కనిపిస్తాయి. పాత పలక 12 అంగుళాలదైనా పూర్తిగా నమ్మలేం. 9 అంగుళాలదైతే ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్‌బెస్టాస్ ఉందనే అనుకోవాలి. ఎటు తిరిగీ గర్భగుడి ప్రవేశం నిషిద్ధం. చట్టం ఒక కారణం, కప్పు ఇంకా పెద్ద కారణం.

కప్పు చదునుగా ఉంటుంది. నీళ్లు పోయే తూములో ఆకులు, గులకరాళ్లు అడ్డం పడితే పైన మడుగు కడుతుంది, అతుకు విడుతుంది, కింది పొర నానుతుంది, సీలింగు పలకలు ఒక్కొక్కటే జారి పడతాయి. ఈలోగా రాగి కోసం ఎవరో ఏసీ యూనిట్లు విప్పుకుపోతారు, వాటి అడుగున ఉన్న కంత ఆకాశంలోకి తెరుచుకుంటుంది. చలికాలం హీటరు ఖర్చెందుకని ఆపేస్తే మంటలార్పే గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి గొట్టం పగులుతుంది. లోపల 40 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గకూడదనేది అందుకే. అప్పుడు ఇన్సూరెన్సు కాగితాలు బయటికి తీస్తారు. అక్కడ మామూలుగా వాడే పాలసీలో భవనం 60 రోజులు దాటి ఖాళీగా ఉంటే ఆ గొట్టాల నీటి నష్టానికి పైసా రాదు, దొంగతనానికీ రాదు. ఖాళీ అంటే ఏమిటన్నదీ రాసే ఉంది. వాడకంలో ఉన్న జాగా 31 శాతానికి తగ్గితే ఖాళీయే. అటకెక్కించిన అట్టపెట్టెలు వాడకం కిందికి రావు.

ఇంత పాడుపెట్టే బదులు ఎవరికైనా అద్దెకివ్వొచ్చు కదా అని అమాయకులు అడుగుతారు. ఖాళీగా ఉంచడం ఎంత కష్టమైన పనో వాళ్లకు తెలియదు. తన కొట్టు మూసేసిన కంపెనీ లీజు గడువు తీరేదాకా నెలనెలా అద్దె కడుతూనే ఉంటుంది, అదే జాగాలోకి పోటీవాడు దిగకుండా. అమ్మేటప్పుడు దస్తావేజులోనే ‘ఇక్కడ ఫలానా వ్యాపారం చేయరాదు’ అని షరతు రాయించే ఆచారం కూడా ఉంది. పెద్ద కొట్టు మూతపడితే అద్దె తగ్గించాలని చిన్న షాపుల లీజుల్లో ముందే రాసుకుంటారు, ఆ మంగలిషాపూ పిజ్జా కొట్టూ దాని చలవతో ఇంకో రెండేళ్లు బతుకుతాయి.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్నారు మన పెద్దలు. ప్రాపర్టీ ట్యాక్సు దగ్గర పెద్ద కొట్లకు ఈ లెక్క నచ్చలేదు. కిటకిటలాడే కొట్టును కూడా ‘మూతబడి ఖాళీగా ఉంటే ఎంతకు పోతుందో అంతే కట్టండి’ అని వాదించారు. మిషిగన్‌లో ఇంటి సామాన్లు అమ్మే మెనార్డ్స్ కంపెనీకీ ఎస్కనాబా ఊరికీ ఈ తగవే నడిచింది. ట్యాక్సు ట్రిబ్యునల్ కంపెనీ పక్షాన నిలిస్తే, 2016లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసి, మూతబడ్డ కొట్ల ధరను తగ్గించే దస్తావేజు షరతుల సంగతి తేల్చమని వెనక్కి పంపింది. అంటే చచ్చిన కొట్లు దిక్కులేక పడి ఉన్నాయనుకోవడం మన భ్రమ. ఎక్కడో ఒక బతికున్న కొట్టు పన్ను తగ్గించడానికి అవి సాక్ష్యం చెబుతున్నాయి.

దర్శనం మధ్యలో సెక్యూరిటీ కారు వస్తే కంగారు పడొద్దు. ఫోటోలు తీసుకుంటున్నాం, వెళ్లిపోతాం అని చెప్పి వెళ్లిపోవడమే పద్ధతి. బాగా వేషం కుదిరింది కదా అని ‘దోశల హోటలుకి జాగా చూస్తున్నాం’ అని మాత్రం అనొద్దు. వెంటనే బ్రోకరు నంబరు చేతిలో పెడతారు. ఆయన మీకు వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తాడు, 84 వేల అడుగులూ తీసుకోవాల్సిందే అంటాడు.