కడుపు నిండిన బ్యాక్టీరియాకు ఒక విన్నపం

మహారాజశ్రీ బాసిల్లస్ సబ్‌టిలిస్ వారికి,

తిరుపతి నుంచి ఒక ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ విద్యార్థిని రాసుకునే విన్నపం. ఇక్కడ నేను క్షేమంగా లేను. అక్కడ మీరు దివ్యంగా ఉన్నారని నా స్లైడే సాక్ష్యం చెప్పింది. బాధంతా అదే.

మొన్న ప్రాక్టికల్ పరీక్షలో నాకు సిద్ధబీజాలకు, అంటే ఆకలేసినప్పుడు మీరు లోపల కట్టుకునే గట్టి గింజలకు, రంగు వేసే ప్రయోగం పడింది. స్లైడ్ మీద కాగితం ముక్క, దాని మీద మలకైట్ గ్రీన్ అనే పచ్చరంగు, కింద మరిగే నీళ్లు. ఐదు నిమిషాలు ఆవిరి పట్టాలి. రంగు ఆరిపోకుండా చుక్క చుక్కగా పోస్తూ ఉండాలి. తర్వాత కడిగి శాఫ్రనిన్ వేస్తే గులాబీ కడ్డీల మధ్య పచ్చటి గింజలు కనబడాలి. నాకు పచ్చబడినవి రెండు వేళ్లు మాత్రమే. స్లైడంతా గులాబీ. పెళ్లిభోజనం చేసి వాలిపోయిన చుట్టాల్లా ఎక్కడ చూసినా మీరే. ఎగ్జామినర్ మేడమ్ మైక్రోస్కోపు మీంచి తల ఎత్తి, "ఏమ్మా, వీటికి రాత్రి ఏం పెట్టినావు?" అన్నారు.

పెట్టాను మరి. పాత కల్చర్ తీసుకోమని ల్యాబ్ అన్న చెప్పినా వినకుండా, ముందురోజు సాయంత్రం మిమ్మల్ని తాజా న్యూట్రియంట్ బ్రాత్‌లోకి, అంటే మీకు నచ్చే పోషక రసంలోకి, మార్చాను. కొండ మీద వెంగమాంబ అన్నప్రసాద భవనంలో వచ్చినవాళ్లందరికీ వడ్డించే ఊరు మాది. పరీక్షకొచ్చే అతిథిని పస్తు పెట్టడానికి నాకు చేతులు రాలేదు సామీ.

మార్కులు పోయాకే మీ ఇంటి వ్యవహారం సరిగ్గా చదివాను. తిండి ఉన్నంతసేపు కోడ్‌వై అనే ప్రోటీన్‌దే పెత్తనం. కొన్ని అమైనో ఆమ్లాలు, జీటీపీ అనే శక్తి అణువులు నిండుగా ఉన్నాయా అని చూసుకుని, కరువు రోజుల జన్యువులకు తాళం వేసి కూర్చుంటుంది. కడుపు నిండిన బేరం. ఆకలి మొదలైతే గానీ సిద్ధబీజం కట్టే ఫైలు కదలదు. కైనేజ్ అనే గుమాస్తా ఒక ఫాస్ఫేటు ముద్ర తన మీదే వేసుకుని స్పో-జీరో-ఎఫ్‌కి అందిస్తాడు. ఎఫ్ నుంచి బికి, బి నుంచి స్పో-జీరో-ఏ అనే పెద్దసారుకి. మధ్యలో ర్యాప్ అనే బంట్రోతులు ఎఫ్ చేతిలో ముద్రను గీకేస్తుంటారు. పెద్దసారు దాకా చేరినా, అక్కడ దాన్ని చెరిపేయడానికి ఇంకొకాయన కాచుకుని ఉంటాడు. మా నాన్న పొలం కాగితం కూడా ఇన్ని బల్లలు తిరగలేదు.

ముద్రలు కొద్దిగా పోగవగానే మీరు చేసే పని చెప్పడానికే నాకు సిగ్గేస్తోంది. సిద్ధబీజం కావడం అటుంచి, ఇంకా ఫైలు కదలని అన్నదమ్ములకు విషం పెట్టి, పగిలినవాళ్ల సారం తాగి ఇంకాస్త సేపు కాలక్షేపం చేస్తారు. 2003లో ఈ గుట్టు రట్టయింది. మా ఊళ్లోనూ గట్టు తగాదాలున్నాయి, కానీ తగాదా అయ్యాక ఎవరింట్లో సంగటి వాళ్లే తింటారు.

అయినా మీ తాత్సారానికి కారణం లేకపోలేదు. ముద్రలు బాగా చేరాక కణానికి ఒక చివరగా అడ్డగోడ కడతారు. ఆ తర్వాత వెనక్కి రావడం ఉండదు. చిన్నగదిలోకి మొదట మూడో వంతు డీఎన్ఏనే చేరుతుంది, మిగతాదాన్ని గోడలోంచి ఒక పంపు తోడిపోస్తుంది. ఇక ఏ జన్యువు చదవాలో చెప్పే సిగ్మాల వంతు. చిన్నగదిలో సిగ్మా-ఎఫ్ లేస్తాడు (ఇందాకటి ఎఫ్ కాదు), పెద్దగదిలో సిగ్మా-ఈ. తర్వాత అటు జీ, ఇటు కే. ఒక గదివాళ్లు గోడ తట్టి కబురు చెబితే తప్ప పక్కగదిలో తర్వాతివాడు లేవడు. వేవిళ్ల నుంచి పురుడు దాకా అంతా దాదాపు 8 గంటల్లో ముగుస్తుంది. పెద్దగది తల్లి చిన్నగది బిడ్డను మింగి, పొర మీద పొర కప్పి, చివరికి తాను పగిలిపోతుంది. ఇక్కడ మాత్రం నేను మిమ్మల్ని ఏమీ అనలేకపోయాను.

కానీ అడగనప్పుడు వచ్చే అలవాటుంది చూశారూ, దానికి క్షమాపణ లేదు. నిరుడు ఆటోక్లేవ్ అనే ఒత్తిడి ఆవిరి యంత్రం చెడిపోయిందని, సూక్ష్మజీవులకు పెట్టే తిండిని, అంటే మీడియాను, ఉత్తినే మరిగించి ప్లేట్లు పోశాను. రెండోరోజుకి ఆరిన పాలమీగడలా ముడతలు పడిన కాలనీలు, ప్రతి ప్లేటులో మీరే! ఎండుగడ్డి నీళ్లను మరిగించినా మీ బీజాలు చావవని 1876లోనే ఫెర్డినాండ్ కోన్ అనే జర్మన్ శాస్త్రవేత్త రాసిపెట్టాడు. 121 డిగ్రీల ఆవిరిలో 15 నిమిషాలు ఉడికిస్తే గానీ లొంగరు. తర్వాత ఎక్కడైనా కాస్త అలనిన్ అనే అమైనో ఆమ్లం వాసన తగిలితే చాలు, నిమిషాల్లో నిద్ర లేస్తారు.

వచ్చే నెల మళ్లీ ప్రాక్టికల్. ఈసారి మీ ప్లేటు ఇన్‌క్యుబేటర్ మూలన పెట్టి వారమైంది. తాజా మీడియా చుక్క కూడా పోయలేదు. రోజూ సాయంత్రం తలుపు తీసి చూస్తున్నాను. నిన్న హాస్టల్ మెస్‌లో రెండోసారి సాంబారు పోయించుకుంటుంటే మీరే గుర్తొచ్చి, గరిటె సగంలోనే చాలన్నాను.

ఇట్లు,
ఇంకా పచ్చరంగు వదలని వేళ్లతో,
మీ విద్యార్థిని