127వ నంబరు నాన్‌లోకల్

ముల్కీ రూల్స్ నుంచి 1985 నాటి 610 జీవో దాకా స్థానికత కోసం ఇంతగా కొట్లాడిన గడ్డ మీద, ఏ సర్టిఫికెట్టూ అడగకుండా అరక్షణంలో లోకల్ ఎవరో నాన్‌లోకల్ ఎవరో తేల్చే అధికారిని ఎవరూ సన్మానించకపోవడం విచారకరం. ఆయన పేరు ఎండీఏడీఎం. మనిషి కాదు, లినక్స్‌లో ఒక కమాండ్. కొన్ని డిస్కుల్ని కలిపి ఒకే డిస్కులా నడిపే సాఫ్ట్‌వేర్ రెయిడ్ శాఖ ఆయనదే.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి ఒక ఫోటో స్టూడియోలో ఆయన పనితనం కళ్లారా చూశాను. ఊళ్లో లగ్గాల ఫోటోలన్నీ ఉన్న సిస్టం. రెండు డిస్కులు, రెయిడ్ 1, అంటే రెండింట్లోనూ ఒకటే కాపీ. ఓనరన్న న్యూమరాలజీ చూపించుకుని స్టూడియో పేరు మార్చాడు, ఊరుకోక సిస్టం హోస్ట్‌నేమూ (కంప్యూటర్ పేరు) మార్పించాడు. తర్వాత ఏదో కెర్నల్ (లినక్స్ గుండెకాయ) అప్‌డేట్. రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీన్, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న సిస్టం) ప్రాంప్టు.

"తమ్మీ, నిన్నటిదాంక ఎండీ0 ఉండె. గీ 127 ఎక్కడికెళ్లి వచ్చింది?"

బండికి ఫ్యాన్సీ నంబరు కోసం వేలంపాటకు పోయిన మనిషి. ఆ రెండు డిస్కుల జోడీకి లినక్స్ ఇచ్చే పేరులో సున్నా పోయి 127 రావడం ఆయనకు పరువు సమస్య. ఫోటోల సంగతి ఆ తర్వాతే అడిగాడు.

అధికారి తప్పేమీ లేదు. ప్రతి డిస్కు పార్టిషన్ మొదట్లో, 4 కిలోబైట్ల అవతల, సూపర్‌బ్లాక్ అనే రెయిడ్ గుర్తింపు కార్డు ఉంటుంది (1.2 వెర్షన్ ఫార్మాట్‌కు). అందులో 'ఫలానా హోస్టు, 0' అని పాత పేరే ఉంది. పేరు కలిస్తే 'లోకల్ టు హోస్ట్' అని ఆయన నిజంగానే రాసిస్తాడు. కలవకపోతే, ఆయన సెట్టింగులుండే కాన్ఫ్ ఫైల్లోనూ పేరు లేకపోతే, నాన్‌లోకల్. చిన్న నంబర్లు లోకల్ వాళ్లవి. వలసొచ్చినోళ్లకు చివర నుంచి 127, 126, 125. ఫైళ్లు ఒక్కటీ పోలేదు. కానీ గ్రబ్‌లో (సిస్టంను లేపే బూట్‌లోడర్), ఎఫ్‌ఎస్‌టాబ్‌లో (ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో చెప్పే ఫైలు) ఎండీ0 అని రాసి ఉంది కదా, వెతికి వెతికి బూట్ అక్కడే కూలబడింది.

లైవ్ యూఎస్‌బీతో లేపి, ఎర్రేని (ఆ డిస్కుల జోడీని) ఆపి, అప్‌డేట్ నేమ్ ఆప్షన్‌తో కొత్త హోస్టు పేరు మీద మళ్లీ అసెంబుల్ చేశాం. డీటెయిల్ స్కాన్ కమాండ్ ఇచ్చిన లైను కాన్ఫ్ ఫైల్లో పెట్టాం. చాలామంది ఇక్కడితో చేతులు దులుపుకుంటారు, రీస్టార్ట్ కాగానే మళ్లీ 127 చూసి లబలబలాడతారు. జీవో సెక్రటేరియట్‌లో మారితే సరిపోతుందా, మండలాఫీసు బీరువాలో పాత కాపీ ఉంటే? ఆ బీరువా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, కాన్ఫ్ ఫైలు కాపీ అందులోనూ ఒకటి ఉంటుంది. అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కొట్టేదాకా బూట్‌కు పాత కాపీయే ప్రమాణం. నన్నడిగితే నంబరు పట్టింపే దండగ. ఎఫ్‌ఎస్‌టాబ్‌లో ఫైల్ సిస్టం యూయూఐడీ (దాని సొంత గుర్తింపు నంబరు) రాసుకున్నోడికి 127 అయితేనేం, సున్నా అయితేనేం? ఈ మాటకు అన్న మొహం మాడ్చుకున్నాడు.

సున్నా తిరిగొచ్చింది, స్టూడియోలో చాయ్‌లు తిరిగాయి. "అన్నా, గ్రబ్ ఒక్క డిస్కుకే ఉంది, రెండోదానికీ వేద్దాం. మొదటిది పోతే రెండోదాంట్లో ఫోటోలుంటయి గానీ సిస్టం లేవదు" అన్నాను.

"పెండ్లిల్ల సీజన్ అయిపోనీ తమ్మీ. మొదటిది మంచిగనే ఉంది గదా."